వ్యాపారంలో వీడియో – ఓచరు లేని మాట

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంటర్నెట్ వీడియోలతో వ్యాపార ప్రచారం" అనే అంశం మీద మాట్లాడమని కార్యదర్శి గారు ఫోను చేసినప్పుడు, వేరెవరికో చేయవలసిన ఫోను పొరపాటున నాకు చేశారేమో అనుకున్నాను. నేను ఖజానా శాఖలో 34 సంవత్సరాలు బిల్లులు తనిఖీ చేసి రిటైరైన గుమాస్తాను. వ్యాపారం చేసినవాణ్ణి కాను. వీడియో తీయడం అంతకంటే రాదు. అయినా ఒప్పుకున్నాను. అందుకు మూడు కారణాలున్నాయి.

మొదటిది, మన ఇళ్లలో కోడళ్లు, కూతుళ్లు, మనుమలు పచ్చళ్లు, పొడులు, చీరలు, ట్యూషన్లు అంటూ చిన్నచిన్న వ్యాపారాలు పెట్టుకుంటున్నారు. వారికి ప్రచారమంటే ఇప్పుడు వీడియోయే. రెండవది, ఆ వీడియోలను తీరికగా కూర్చుని చూసేది మనమే. పింఛను ఒకటో తారీకున పడుతుందని తెలిసిన ప్రతి వ్యాపారికీ మనం మంచి గిరాకీలం. మూడవ కారణం నా సొంత విషయం. అది మధ్యలో చెబుతాను. అది చెప్పడం కోసమే ఇక్కడ నిలబడ్డానని మీకు అప్పుడు తెలుస్తుంది.

తిరునాళ్ల నుంచి టెలిఫోను దాకా

చూపించి అమ్మడం కొత్త విద్య కాదు. మన చిన్నతనంలో తిరునాళ్లకు వెళ్తే కూరగాయలు తరిగే పీట అమ్మేవాడు ఒకడుండేవాడు. "రండి బాబూ రండి" అని ఊరికే అరిచేవాడు కాదు. ఎదురుగా గంపలో క్యారెట్లు, ఉల్లిపాయలు పోసుకుని, మాట్లాడుతూనే చకచకా తరిగి కుప్ప పోసేవాడు. జనం చుట్టూ మూగి చూసేవారు. చూసిన పదిమందిలో ఇద్దరు కొనేవారు. ఇంటికి తెచ్చుకుంటే మన చేతిలో అది అంత చక్కగా తెగేది కాదనుకోండి, అది వేరే సంగతి. చెప్పినదానికంటే చూపించినదానికి బలం ఎక్కువ అని వాడికి తెలుసు.

తరువాత టూరింగ్ టాకీసులో ఇంటర్వెల్ స్లైడులు వచ్చాయి. 1967లో వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు మొదలయ్యాయి. 1976 నుంచి దూరదర్శన్‌లో ప్రకటనలు వచ్చాయి. సబ్బుల కంపెనీలు, టీపొడి కంపెనీలు బొమ్మ వేసి చూపించాయి. కానీ ఆ అవకాశం డబ్బున్నవారికే. మన వీధి చివర కిరాణా కొట్టు శెట్టిగారు దూరదర్శన్‌లో ప్రకటన ఇవ్వగలడా? స్లైడు వేయించుకోవడమే ఆయనకు గొప్ప.

ఈ అడ్డు తొలగింది 2005లో. ఆ సంవత్సరం అమెరికాలో ముగ్గురు యువకులు యూట్యూబ్ స్థాపించారు. ఏప్రిల్ 23న అందులో పెట్టిన మొట్టమొదటి వీడియో 19 సెకన్లు మాత్రమే. స్థాపకులలో ఒకరు జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి, వాటి తొండాలు చాలా పొడుగ్గా ఉన్నాయని చెబుతారు. అంతే. అందులో గొప్పతనమేమీ లేదు. కానీ ఎవరైనా, పైసా కట్టకుండా, తాము తీసినది ప్రపంచం ముందు పెట్టవచ్చని ఆ 19 సెకన్లు రుజువు చేశాయి. మరుసటి సంవత్సరమే గూగుల్ సంస్థ దానిని 165 కోట్ల డాలర్లకు కొన్నది. 2008లో మన దేశానికి ప్రత్యేకంగా యూట్యూబ్ వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశం చేశాక డేటా ధర పడిపోయి, పల్లెటూరి అరుగు మీద కూర్చున్నవారికి కూడా వీడియో చూడడం సాధ్యమైంది. శెట్టిగారికీ సబ్బుల కంపెనీకీ ఒకే వేదిక దొరికింది.

మిక్సీలో గోళీలు

వీడియోతో వ్యాపారం ఎలా పెరుగుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చెబుతాను. మన ఆడవారికి బాగా అర్థమయ్యే వస్తువే, మిక్సీ.

అమెరికాలో యూటా రాష్ట్రంలో బ్లెండ్‌టెక్ అనే కంపెనీ ఉంది. గట్టి మిక్సీలు తయారు చేస్తుంది. సరుకు మంచిదే కానీ, పేరు ఎవరికీ తెలియదు. దాని స్థాపకుడు టామ్ డిక్సన్ గారికి ఒక అలవాటు. మిక్సీ ఎంత గట్టిదో పరీక్షించడానికి అందులో చెక్కముక్కలు వేసి తిప్పేవారు. కొత్తగా చేరిన మార్కెటింగ్ అధికారి ఒకాయన నేల మీద రంపపు పొట్టు చూసి, ఇదేమిటని ఆరా తీశారు. సంగతి తెలిశాక, "మనం రోజూ చేసే ఈ పరీక్షనే జనానికి చూపిద్దాం" అన్నారు.

2006 చివరలో సుమారు 50 డాలర్ల ఖర్చుతో మొదటి వీడియోలు తీశారు. యజమాని తెల్లకోటు వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, "ఇది నలుగుతుందా?" అని అడిగి, గోళీలు మిక్సీలో వేసి మీట నొక్కుతారు. గోళీలు పిండి అవుతాయి. తోటలో ఆకులు పోగుచేసే పార పిడిని కూడా వదలలేదు. 2007లో కొత్తగా వచ్చిన ఐఫోన్‌ను కూడా వేసి పొడి చేశారు. లక్షల మంది చూశారు. ఇంటివాడకపు మిక్సీల అమ్మకాలు 700 శాతం పెరిగాయని అప్పట్లో చెప్పుకున్నారు.

మిత్రులారా, ఇందులో నేను గమనించినది ఒక్కటే. ఆయన "మా మిక్సీ ప్రపంచంలోకెల్లా గొప్పది" అని అనలేదు. ఒక్క విశేషణం వాడలేదు. పరీక్ష చేసి చూపించారు. మన భాషలో చెప్పాలంటే, బిల్లు పెట్టి ఊరుకోలేదు, ఓచరు జతపరిచారు. ఖజానాలో నేను ఎన్ని వేల బిల్లుల మీద "ఓచరు జతపరచలేదు, తిరిగి పంపడమైనది" అని రాశానో లెక్క లేదు. మంచి వ్యాపార వీడియో అంటే ఓచరు ఉన్న బిల్లు. అంతకంటే రహస్యం ఏమీ లేదని నా అభిప్రాయం.

మన మస్తానమ్మ గారు, మన గంగవ్వ

మన తెలుగువారిలో కూడా ఇందుకు నిదర్శనాలున్నాయి. గుంటూరు జిల్లాకు చెందిన మస్తానమ్మ గారు నూరేళ్లు దాటిన వయస్సులో, ఆరుబయట కట్టెల పొయ్యి మీద వంట చేస్తుంటే మనుమల వరస కుర్రవాళ్లు తీసి 2016లో యూట్యూబ్‌లో పెట్టారు. పుచ్చకాయలో కోడికూర వండిన ఆ వీడియో దేశదేశాల వారు చూశారు. 2018 డిసెంబరులో ఆమె కాలం చేసేనాటికి ఆ ఛానెల్‌కు 12 లక్షల మందికి పైగా చందాదారులున్నారు. అలాగే జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలోని కుర్రవాళ్ల "మై విలేజ్ షో" ద్వారా పొలం పనులు చేసుకునే గంగవ్వ ఊరూవాడా తెలిసిన మనిషి అయింది. వారిద్దరిలో నటన కంటే సహజత్వమే జనానికి నచ్చింది.

అయితే ఇక్కడ మన పిల్లలు ఒక పొరపాటు పడుతున్నారు. వీడియో చూసినందుకు వచ్చే డబ్బు వేరు, వీడియో చూసి సరుకు కొన్నందుకు వచ్చే డబ్బు వేరు. మొదటిది ప్రకటనల ఆదాయంలో వాటా. అది రావాలంటే వెయ్యిమంది చందాదారులు, సంవత్సర కాలంలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. చిన్న నిలువు వీడియోలయితే 90 రోజులలో కోటిసార్లు చూడాలి. అప్పుడు మామూలు వీడియోల ప్రకటనల రాబడిలో నూటికి 55 వంతులు వీడియో పెట్టినవారికి ఇస్తారు. అది లక్షలమంది చూస్తేనే చెప్పుకోదగ్గ మొత్తం అవుతుంది. పొడులు అమ్ముకునే కోడలికి లక్షమంది అక్కర్లేదు. నమ్మి కొనే రెండువందల మంది చాలు. ఈ తేడా తెలియక, "ఎవరూ చూడడం లేదు" అని నిరుత్సాహపడి మానేసినవారు ఉన్నారు. లక్షలమంది చూశారని మురిసిపోయి, ఒక్క పొట్లం అమ్ముకోలేనివారూ ఉన్నారు.

మా ఇంటి కందిపొడి

మా కోడలు రెండేళ్ల క్రితం కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం చేసి అమ్మడం మొదలుపెట్టింది. చేతివంట మా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. ప్రచారానికి మా అబ్బాయి పెళ్లి వీడియోలు తీసే ఆయనను పిలిచి 12,000 రూపాయలు ఇచ్చాడు. ఆయన వెనక సంగీతం పెట్టి, పొడిని గాలిలో మెల్లగా రాలుతున్నట్లు చూపించి, కోడలిని పట్టుచీర కట్టించి వంటింట్లో అటూ ఇటూ నడిపించాడు. చూడడానికి ముచ్చటగా ఉంది. బంధువులందరూ మెచ్చుకున్నారు. వారం రోజులలో నాలుగు ఫోన్లు వచ్చాయి. అందులో మూడు, ఆ చీర ఎక్కడ కొన్నారని.

అప్పుడు మా ఆవిడ, "వంటచేసే మనిషి పట్టుచీర కట్టుకుంటుందా? చూసేవాళ్లకు ఆ మాత్రం తెలియదా?" అంది. కోడలు నవ్వి ఊరుకుంది. కానీ మరునాడు బియ్యం డబ్బా మీద ఫోను ఆనించుకుని, ఇంట్లో కట్టుకునే చీరలోనే, కందిపప్పు వేయిస్తూ వీడియో తీసింది. సన్నసెగ మీద పప్పు ఎంతసేపు వేగాలి, ఏ రంగు వచ్చాక దించాలి, మాడితే చేదు ఎలా వస్తుంది, మిరపకాయ తొడిమలు ఎందుకు తీయాలి, ఇవన్నీ చెప్పింది. చివర, "ఇంట్లో చేసుకోగలిగితే చేసుకోండి, తీరిక లేనివారు నాకు చెప్పండి" అంది. నేను కంగారుపడ్డాను. "అమ్మాయ్, చేసే విధానం అంతా చెప్పేస్తే నీ దగ్గర కొనేదెవరు?" అన్నాను. "మామయ్యగారూ, చేసుకునేవాళ్లు ఎలాగూ కొనరు. చేసుకోలేనివాళ్లకు నేను ఎలా చేస్తానో తెలియాలి కదా" అంది. ఆమె మాటే నిజమైంది. ఆ వారంలో తొమ్మిది మంది పొడి కావాలని అడిగారు.

ఆ తరువాత ఒకసారి ఒక విడతలో ఉప్పు ఎక్కువ పడింది. ముగ్గురు ఫిర్యాదు చేశారు. మా అబ్బాయి ఆ సంగతి బయటకు పొక్కకుండా వారికి మాత్రం వేరే పొట్లాలు పంపుదామన్నాడు. కోడలు ఒప్పుకోలేదు. "ఫలానా తేదీన చేసిన పొడిలో ఉప్పు ఎక్కువైంది, అది తీసుకున్నవారు చెప్తే మార్చి ఇస్తాను" అని ఒక్క నిమిషం వీడియో పెట్టింది. పదకొండు పొట్లాలు మార్చింది. నష్టం వచ్చిన మాట నిజం. కానీ ఆ పదకొండు ఇళ్లవారూ ఇప్పటికీ కొంటున్నారు. లక్షలు వస్తున్నాయని చెప్పను. నెలకు పాతిక కిలోల దాకా పోతుంది. పిల్లవాడి స్కూలు ఫీజు ఆమె సంపాదనలోంచే కడుతోంది.

ఆమె పనిని చూసి నేను నేర్చుకున్న నాలుగు ముక్కలు మీ ఇళ్లలోని పిల్లలకు చెప్పండి. వెలుతురు ముఖం మీద పడాలి, వీపు మీద కాదు. కిటికీకి ఎదురుగా నిలబడితే చాలు, లైట్లు కొననక్కర్లేదు. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూస్తారు కానీ మాట వినపడకపోతే చూడరు. కనుక తీసేటప్పుడు ఫ్యాను, మిక్సీ, టీవీ ఆపాలి. మొదటి పది సెకన్లలోనే ఏం చూపించబోతున్నారో చెప్పాలి. మన సభల్లోలాగా స్వాగతవచనాలతో మొదలుపెడితే జనం వెళ్లిపోతారు. ధర, బరువు, తయారైన తేదీ, ఎన్నాళ్లు నిలవ ఉంటుంది అన్నవి దాచకుండా చెప్పాలి. సినిమా పాటలు వెనక పెట్టకూడదు. హక్కుదారులు అభ్యంతరపెడితే వీడియో తొలగిస్తారు, లేదా దాని రాబడి వారికే పోతుంది. తినే పదార్థాలు అమ్మేవారు, ఎంత చిన్న వ్యాపారమైనా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద నమోదు చేయించుకుని ఆ 14 అంకెల నంబరు పొట్లం మీద వేయాలి.

ఇంకొక జాగ్రత్త. 2020 జూన్ చివర కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దాని మీదే పేరు తెచ్చుకున్నవారికి రాత్రికి రాత్రి దుకాణం మూతపడినట్లయింది. యూట్యూబ్ అయినా, ఇన్‌స్టాగ్రామ్ అయినా మనకు అద్దె స్థలమే. అందుచేత కొన్నవారి పేరు, ఫోను నంబరు, ఏ తేదీన ఏమి కొన్నారో ఒక పుస్తకంలో రాసుకోమని మా కోడలికి చెప్పాను. రిజిస్టరు గీతలు గీసి ఇచ్చింది నేనే. ఆ వ్యాపారంలో నా వాటా అంతే.

నా మూడవ కారణం

ఇక నేను మొదట్లో చెప్పిన మూడవ కారణం దగ్గరకు వస్తాను.

కిందటి సంవత్సరం సంక్రాంతికి మా తోడల్లుడి కొడుకు ఇంటికి వచ్చాడు. మోకాళ్ల నొప్పులకు ఒక నూనె తెప్పించి అమ్ముతున్నాడు. "పెదనాన్నగారూ, మీరు రెండు ముక్కలు మాట్లాడితే చాలు. గవర్నమెంటు ఉద్యోగం చేసినవారు, తల నెరిసినవారు, మీరు చెప్తే నమ్ముతారు" అన్నాడు. ఒక సీసా చేతిలో పెట్టాడు. నేను రెండుసార్లు రాసుకున్నాను. వెచ్చగా, హాయిగా అనిపించింది. మూడవ రోజున మా వరండాలో కుర్చీ వేసి వీడియో తీశాడు. అతను రాసి ఇచ్చిన కాగితం చూసి, "మూడు నెలల నుంచి వాడుతున్నాను, ఇప్పుడు మేడమెట్లు అవలీలగా ఎక్కుతున్నాను" అన్నాను.

మూడు నెలలు కాదు, మూడు రోజులు. ఆ సంగతి నాకు తెలుసు. పండగపూట ఇంటికి వచ్చిన పిల్లవాడిని కాదనలేకపోయాను. పైగా, నిజం చెప్పాలి, కెమెరా ముందు కూర్చోవడం నాకు బాగానే ఉంది. రిటైరైన తరువాత మన మాటకు విలువ ఇచ్చి అడిగేవారు తక్కువ కదా.

ఆ వీడియో ఫోన్లలో తిరిగి తిరిగి మన సంఘం మిత్రుల దగ్గరకు కూడా వచ్చింది. మనలో ఒక మిత్రుడు, ఆయన ఇప్పుడు ఈ హాలులోనే ఉన్నారు, పేరు చెప్పను, నా ముఖం చూసి మూడు సీసాలు 5,400 రూపాయలు పెట్టి తెప్పించుకున్నారు. నూనెతోనే తగ్గుతుందని నమ్మి, డాక్టరు చెప్పిన వ్యాయామాలు మానేశారు. రెండు నెలల తరువాత లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు మెట్ల దగ్గర ఆయన మనుమడి భుజం పట్టుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "ఏమండీ, మీకు పనిచేసింది, నాకు ఎందుకు పనిచేయలేదో" అన్నారు. కోపంతో అనలేదు. తన శరీరంలోనే ఏదో లోపం ఉందనుకుని అన్నారు.

ఆ మాట విన్న తరువాత నేను ఆ రాత్రి నిద్రపోలేదు. ముప్పైనాలుగేళ్లు ఓచరు లేని బిల్లు ఒక్కటి పాస్ చేయలేదని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. ఆ మిత్రుడికి నేను ఓచరు లేని మాట పాస్ చేశాను. ఆయనకు డబ్బు పోయింది, రెండు నెలల వైద్యం పోయింది.

మరునాడు ఆయన ఇంటికి వెళ్లి జరిగింది జరిగినట్లు చెప్పాను. 5,400 రూపాయలు ఆయన ముందు పెట్టాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ కవరు నా వైపు జరిపి, "ఇది నాకు వద్దు. నాలాగా ఇంకెంతమంది కొన్నారో మనకు తెలియదు. ఆ మాట సభలో చెప్పండి" అన్నారు. ఈ రోజు ఆ మాట చెప్పాను. ఆయనకు, మీకందరికీ క్షమాపణ చెబుతున్నాను.

మా తోడల్లుడి కొడుకు చేత ఆ వీడియో తీయించేశాను. అతనికి కోపం వచ్చింది. కొన్నాళ్లు మాటలు లేవు. కానీ ఒకరి ఫోను నుంచి ఇంకొకరి ఫోనుకు వెళ్లిన ప్రతులు ఇంకా ఎక్కడో తిరుగుతూనే ఉండవచ్చు. ఆఫీసు నుంచి పొరపాటు ఉత్తరం వెళితే, "లోగడ పంపిన ఉత్తరం రద్దు చేయడమైనది" అని మరొకటి పంపేవాళ్లం. వీడియోకు ఆ సదుపాయం లేదు. మీలో ఎవరి దగ్గరకైనా అది వస్తే దయచేసి ఇంకొకరికి పంపకండి.

చట్టం ఏమంటోంది

ఆ తరువాతనే నేను చట్టం చదివాను. ముందే చదవవలసింది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన ఇస్తే తయారీదారుకే కాదు, ఆ సరుకు మంచిదని చెప్పినవారికి కూడా 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. మళ్లీ చేస్తే 50 లక్షల వరకు. అలా చెప్పినవారిని ఒక సంవత్సరం పాటు, మళ్లీ చేస్తే మూడు సంవత్సరాల వరకు, ఏ ప్రకటనలోనూ కనిపించకుండా నిషేధించవచ్చు. తగినంత విచారణ చేసుకుని చెప్పినవారికి మాత్రం రక్షణ ఉంది. దీనిని అమలు చేయడానికి 2020లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 2022 జూన్‌లో మార్గదర్శకాలు వచ్చాయి. 2023 జనవరిలో ప్రభుత్వం మరింత వివరంగా చెప్పింది. డబ్బు తీసుకున్నా, ఉచితంగా సరుకు తీసుకున్నా, అమ్మేవారితో చుట్టరికం ఉన్నా ఆ విషయం చూసేవారికి స్పష్టంగా తెలియజేయాలి. తాను వాడని వస్తువును మెచ్చుకోకూడదు.

ఇవి సినిమా తారలకూ క్రికెట్ ఆటగాళ్లకూ మాత్రమే అనుకోకండి. మోకాళ్లకు నూనె రాసుకునే గుమాస్తాకూ వర్తిస్తాయి. ఇక జబ్బుల విషయంలో 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ఎప్పటి నుంచో ఉంది. మధుమేహం, కేన్సర్ వంటి జాబితాలోని జబ్బులు నయం చేస్తామని ప్రకటించడమే నేరం. "నెల రోజులలో షుగర్ మాయం" అనే వీడియో కనబడితే, అమ్మేవాడు చట్టం తెలియనివాడన్నా కావాలి, తెలిసి లెక్కచేయనివాడన్నా కావాలి. ఇద్దరి దగ్గరా కొనకూడదు.

చూసేవారికి తనిఖీ పట్టీ

చూసేవారిగా మనం ఏం చేయాలి? పాత అలవాటు ప్రకారం నేను ఒక తనిఖీ పట్టీ తయారు చేసుకున్నాను.

ఒకటి. మాట్లాడే మనిషి చూపిస్తున్నాడా, చెబుతున్నాడా? మాటలు మాత్రమే ఉంటే అది బిల్లు. పని చేసి చూపిస్తే ఓచరు. చూపించినదాంట్లో కూడా మధ్యలో కత్తిరించి అతికించారేమో చూడాలి.

రెండు. అమ్మేవారి పూర్తి చిరునామా, ధర, వాపసు పద్ధతి ఉన్నాయా? ఫోను నంబరు ఒక్కటే ఉండి, ముందు డబ్బు పంపమంటే ఆగండి.

మూడు. "ఈ రోజే ఆఖరు, పది మాత్రమే ఉన్నాయి" అని తొందరపెడుతున్నారా? మంచి సరుకు రేపు కూడా దొరుకుతుంది.

నాలుగు. ముఖం, గొంతు చూసి నమ్మకండి. కృత్రిమ మేధతో పేరున్నవారి ముఖాలు, గొంతులు పెట్టి నకిలీ వీడియోలు చేస్తున్నారు. 2024లో తమ అధిపతి షేర్లు సిఫారసు చేస్తున్నట్లు తయారైన నకిలీ వీడియోలు నమ్మవద్దని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ హెచ్చరించవలసి వచ్చింది. పదవీవిరమణ డబ్బు చేతిలో ఉన్నవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఐదు. ఇది మనకు ప్రత్యేకం. "పింఛనుదారులకు బంపర్ వార్త", "డీఏ బకాయిలు ఒకేసారి" అని ఎర్ర అక్షరాలతో వచ్చే వీడియోలు. ఎనిమిది నిమిషాలు చూసినా అందులో ఏమీ ఉండదు. మనం ఆశతో చూసినకొద్దీ వారికి ప్రకటనల రాబడి. వాటిలో అమ్ముడుపోతున్న సరుకు మన ఆశే. జీవో నంబరు, తేదీ చెప్పని వార్తను వార్తగా లెక్కపెట్టకండి. నంబరు లేని కాగితాన్ని మనం ఫైలులో పెట్టేవాళ్లమా?

సరుకు విషయంలో మోసపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. డబ్బు ఆన్‌లైనులో పోతే 1930. రెండవదానికి ఎంత త్వరగా ఫోను చేస్తే అంత మంచిది. ఈ రెండు నంబర్లు మీ డైరీ మొదటి పేజీలో రాసుకోండి. మోసపోయామని సిగ్గుపడి దాచుకోకండి.

చివరి మాట

వీడియో మంచిదా, చెడ్డదా అని నన్ను అడిగితే, అది తిరునాళ్లలో నిలబడే చోటు వంటిది అంటాను. అక్కడ కూరగాయల పీట అమ్మేవాడూ నిలబడతాడు, మూడుముక్కలాట ఆడించేవాడూ నిలబడతాడు. మా కోడలు ఆ చోటుతో గౌరవంగా బతుకుతోంది. నేను అదే చోట నిలబడి ఒక మిత్రుడికి కీడు చేశాను. ఫోను ఒకటే, ఇల్లు ఒకటే. ఆమె తాను రోజూ చేసేదే చూపించింది. నేను చేయనిది చెప్పాను.

కార్యవర్గానికి ఒక విన్నపం. ఇక మీదట మన సభ్యులెవరైనా ఏ సరుకు గురించైనా మన గ్రూపులో మంచి మాట చెప్పదలిస్తే, ఎన్నాళ్లు వాడారో, డబ్బు పెట్టి కొన్నారో లేదో, అమ్మేవారు తమకు ఏమవుతారో, ఈ మూడు ముక్కలు తప్పక రాయాలని తీర్మానం చేయండి. మొదటి సంతకం నేను పెడతాను. అలాగే మన ఇళ్లలోని ఆడపిల్లలు, కోడళ్లు తయారుచేసే సరుకులను ఈ షరతుల మీదనే మన గ్రూపులో పరిచయం చేసుకునే అవకాశం కల్పించండి. నిజం చెప్పి అమ్ముకునేవారికి మనమే మొదటి గిరాకీలం కావాలి.

మన దగ్గర ఇప్పుడు అధికారం లేదు, రబ్బరు స్టాంపు లేదు. మిగిలింది మన మాట మీద పదిమందికి ఉన్న నమ్మకం. అది ఎవరో పెట్టిన సీసాకు అంటించే చీటీ కాకూడదు.